రక్తం జవాబు చెప్పేలోపు

రాత్రి ఒకటిన్నర. మోచేతుల దాకా కడుక్కున్న చేతులు ఇంకా ఆరనేలేదు, తలుపు తోసుకుని 108 కుర్రాడు వచ్చేస్తాడు. వెనకే ఒక ముసలమ్మ. ఆమె చేతుల్లో మడతలు పెట్టిన పాత చీర. చీరలో బిడ్డ.

ఈ రాత్రి ఇక్కడ డాక్టరు మీరే. ఉత్తరాంధ్రలో ఒక జిల్లా ఆసుపత్రి, అందులో నవజాత శిశువుల వార్డు. బోర్డు మీద పేరు చాలా పొడుగ్గా ఉంటుంది గానీ అందరి నోటా ఎస్ఎన్‌సీయూ. పన్నెండు వార్మర్లు, పద్నాలుగు మంది పిల్లలు, ఇద్దరు సిస్టర్లు. పిల్లల డాక్టరు మేడమ్ ఇంటి దగ్గరున్నారు, ఫోన్ చేస్తే ఎత్తుతారు. వెంటిలేటర్ కావాలంటే మెడికల్ కాలేజీకి పంపాలి. అంబులెన్స్‌లో రెండు గంటలు.

"సందేళ కాడ్నించి పాలు తాగట్నేదు డాక్టరుగోరూ," అంటోంది ముసలమ్మ. "నోట్లో పెడితే ఒగ్గేస్తంది. ఏడుపు కూడా నేదు. ఆశమ్మ ఒచ్చి సూసి, తెల్లారేదాకా ఆగొద్దంది."

ఏడుపు కూడా లేదు. వార్డులో నలుగురైదుగురు పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. వాళ్ళను ఏడవనివ్వండి. మీరు పరుగెత్తాల్సింది ఏడవని బిడ్డ దగ్గరికి.

వార్మర్ కింద పడుకోబెట్టి చీర విప్పండి. పైన కాలుతున్న కడ్డీ వేడి మీ మెడకు కూడా తగులుతోంది. నాలుగు రోజుల ఆడపిల్ల. తూకం 2.1 కిలోలు. ఇంకా పేరు పెట్టలేదు, కేస్ షీట్ మీద 'బేబీ ఆఫ్' అని రాసి పక్కన తల్లి పేరు. తల్లి గుమ్మం దగ్గరే ఆగిపోయింది, గోడ పట్టుకుని. నాలుగు రోజుల బాలింత, అంబులెన్స్ కుదుపులకి మనిషి వడిలిపోయింది.

బిడ్డ చెయ్యి పైకెత్తి వదలండి. అలాగే పడిపోయింది. ఈ వయసు పిల్లలు చెయ్యి లాగితే వెనక్కి ముడుచుకుంటారు. ఈ పిల్ల ముడుచుకోవడం లేదు.

పాదం తాకండి. చల్లన. పొట్ట తాకండి. అదీ చల్లనే. పాదం ఒక్కటే చల్లగా ఉంటే దారిలో గాలి తగిలిందనుకోవచ్చు. పొట్ట కూడా చల్లబడిందంటే ఒంట్లో వేడే తగ్గిపోయింది. చంకలో థర్మామీటర్ 35.2 చూపిస్తోంది. జ్వరం లేదు కదా అని ఊపిరి పీల్చుకోకండి. ఇన్‌ఫెక్షన్ వస్తే పెద్దవాళ్ళకు ఒళ్ళు కాలుతుంది. పసివాళ్ళకు చాలాసార్లు చల్లబడుతుంది.

ఊపిరి లెక్కపెట్టండి. నిండా ఒక నిమిషం, గడియారం చూస్తూ. సగం నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే పనికిరాదు, వీళ్ళ ఊపిరి ఒకసారి పరుగెడుతుంది, ఒకసారి నిలుస్తుంది. 72. అరవై దాటకూడదు. ప్రతి ఊపిరికీ డొక్కలు లోపలికి పోతున్నాయి.

ఇప్పుడు రొమ్ము ఎముక మీద వేలు పెట్టి నొక్కి, వదలండి. నొక్కిన చోట తెల్లగా మచ్చ. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఇప్పుడు రంగు తిరిగొచ్చింది. మూడు సెకన్లలోపు రావాలి. చర్మానికి రక్తం సరిగ్గా అందడం లేదు.

"షుగర్ 36," అంటుంది సిస్టర్, మడమ నుంచి తీసిన చుక్కను స్ట్రిప్ మీద చూసి. 45 అయినా ఉండాలి.

మీ మెదడులో ఒక మాట తిరుగుతోంది. సెప్సిస్. రక్తంలోకి క్రిములు చొరబడ్డాయి, వాటి మీద తిరగబడబోయి ఒళ్ళు తనను తానే దెబ్బతీసుకుంటోంది. కానీ మరో మాట కూడా తిరుగుతోంది. పాలు తాగలేదు కాబట్టి షుగర్ పడిపోయింది. షుగర్ పడిపోతే పిల్ల మందగిస్తుంది. చలికి ఊపిరి పెరుగుతుంది. అన్నిటికీ అదే కారణం కావచ్చు కదా? వెచ్చబెట్టి, గ్లూకోజ్ ఇచ్చి, రక్తపరీక్ష రిపోర్టు వచ్చేదాకా చూడొచ్చు కదా?

ఏం చేస్తారు?

చేతులు మాత్రం ఆగకూడదు. ముక్కుకు ఆక్సిజన్. చేతి వెనక సన్నటి నరం దొరికింది, క్యాన్యులా పెట్టండి. పది శాతం గ్లూకోజ్ 4 మిల్లీలీటర్లు, మెల్లగా. వెంటనే సెలైన్, 20 మిల్లీలీటర్లు, అరగంటలో ఎక్కేలా.

ఇక రక్తం. ఈ పిల్ల ఒంట్లో మొత్తం ఉన్నదే 170, 180 మిల్లీలీటర్లు. మీరు లాగే ప్రతి మిల్లీలీటరూ అందులోంచే పోవాలి. అయినా బ్లడ్ కల్చర్‌కు ఒక మిల్లీలీటరు తీయాల్సిందే, అదీ యాంటీబయాటిక్ పడకముందే. అంతకంటే తక్కువ తీస్తే క్రిములున్నా సీసాలో మొలవకపోవచ్చు. కొత్త చోట గుచ్చండి. స్పిరిట్‌తో తుడవండి. బెటాడిన్ రాయండి. ఆరనివ్వండి. ఆగలేక చర్మాన్ని మళ్ళీ ముట్టుకుంటే మీ వేలి మీది క్రిమి సీసాలోకి వెళ్తుంది, రెండు రోజుల తర్వాత అదే రిపోర్టుగా వచ్చి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. మళ్ళీ స్పిరిట్. సూది దించండి. ముదురు ఎరుపు, మెల్లగా. ముందు కల్చర్ సీసా. తర్వాత ఊదా మూత ట్యూబు, కణాల లెక్కకు. ఆ తర్వాత సీఆర్పీకి ఒక ట్యూబు. చివరి చుక్కలు సన్నటి గాజు గొట్టంలోకి.

ఫోన్‌లో మేడమ్. మీరు చెప్పేది పూర్తిగా వినకుండానే అడుగుతారు. "రంగు తిరిగి రావడానికి ఎన్ని సెకన్లు?"

"నాలుగు."

"రిపోర్టు కోసం ఆగకు. పైపరాసిలిన్ టాజోబాక్టమ్, అమికాసిన్. ఇప్పుడే."

మందుల ట్రాలీలో మెరోపెనెమ్ సీసా కూడా ఉంది. చెయ్యి దాని మీదికి పోతుంది. పిల్ల ఇంత చెడ్డగా ఉంటే అన్నిటికంటే బలమైన మందు ఎందుకు వాడకూడదు? మీరు అడిగేలోపే మేడమ్ అంటారు, "మెరోపెనెమ్ వద్దు. అది కూడా పనిచెయ్యని రోజున మనకు ఇంకేముంది?"

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. 2011 నుంచి 2014 దాకా ఢిల్లీలో మూడు పెద్ద ఆసుపత్రులు 13,530 మంది నవజాత శిశువులను రోజూ గమనించి లెక్కలు రాశాయి. కల్చర్‌లో క్రిమి పెరిగిన పిల్లల్లో దాదాపు సగం మంది బతకలేదు. ముందు వరసలో ఉన్న క్రిములు అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఈ కోలై. అసినెటోబాక్టర్‌లో పదింట ఎనిమిది పైగా, ఒకటి రెండు కాదు, చాలా రకాల మందులకు లొంగనివే. అవి ఎక్కడెక్కడి కేసులో వచ్చి చేరే పెద్దాసుపత్రులు, మీది జిల్లా వార్డు. కానీ క్రిములకు జిల్లా సరిహద్దులుండవని మేడమ్‌కు తెలుసు.

ఒకటి యాభై ఎనిమిది. మొదటి డోసు పడింది.

వార్డు పక్కనే సైడ్ ల్యాబ్. ట్యూబును సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన పసుపు నీటిలోంచి టెక్నీషియన్ ఒక చుక్క నల్లటి స్లైడు మీద వేశాడు. పక్కన తెల్లటి లేటెక్స్ చుక్క. పుల్లతో రెండూ కలిపాడు. స్లైడును చేతిలో పట్టుకుని అటూ ఇటూ వంచుతున్నాడు. మీరు అతని భుజం మీదుగా చూస్తున్నారు. సీఆర్పీ ఉంటే రెండు నిమిషాల్లో ఆ తెలుపు, పాలు విరిగినట్టు, ముక్కలు ముక్కలవ్వాలి.

ఒక నిమిషం. రెండు.

విరగలేదు. తెల్లగా, నున్నగా అలాగే ఉంది.

"సీఆర్పీ నెగెటివ్ అండీ."

మీ భుజాలు దిగుతాయి. నెగెటివ్! అంటే సెప్సిస్ కాదేమో. షుగరే అయ్యుంటుంది. వార్మర్ దగ్గర సిస్టర్ కూడా అదే అంటోంది, రిపోర్టు బాగానే ఉంది కదా, అమికాసిన్ రెండో డోసు రాయాలా అని. అమికాసిన్ ఎక్కువైతే మూత్రపిండాలకు, చెవులకు దెబ్బ. రాయకుండా ఉండటానికి కారణాలు వెతికితే చాలానే దొరుకుతాయి.

ఇక్కడే చాలామంది జారిపడతారు. ఆ నల్ల స్లైడు మీద కనిపించనిదేమిటో చూడాలి.

సీఆర్పీ క్రిమి నుంచి వచ్చేది కాదు. బిడ్డ కాలేయంలో తయారయ్యే ప్రోటీన్. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని మొదటిసారి గమనించారు. క్రిమి రక్తంలోకి రాగానే తెల్లకణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. అది కాలేయానికి చేరాలి. కాలేయం పని మొదలుపెట్టాలి. తయారైనది రక్తంలో మనం పట్టుకోగలిగినంత పేరుకోవాలి. దానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. శిఖరానికి చేరడానికి ఒకటి నుంచి రెండు రోజులు. ఈ పిల్ల సాయంత్రమే పాలు మానేసింది. లోపల ఏం జరుగుతోందో కాలేయం ఇంకా చెప్పడం మొదలుపెట్టలేదు.

కాబట్టి ఇప్పుడు నెగెటివ్ వచ్చిన సీఆర్పీని బట్టి మందు ఆపే హక్కు మీకు లేదు. మీ వేలి కింద నాలుగు సెకన్లు తెల్లగా ఉండిపోయిన మచ్చ దానికంటే నమ్మదగ్గ సాక్షి.

"రాయండి సిస్టర్. డోసు కొనసాగుతుంది."

టెక్నీషియన్ అప్పుడే రెండో పనిలో పడ్డాడు. సన్నటి గాజు గొట్టాన్ని గోడకు నిలువుగా అంటించి టైము రాశాడు. గంట తర్వాత ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూడాలి. ఇది మైక్రో ఈఎస్ఆర్, పాత కాలపు పరీక్ష, కరెంటు కూడా అక్కర్లేదు. తర్వాత స్లైడు మీద రక్తం పూసి మైక్రోస్కోప్ కింద పెట్టాడు. తెల్లకణాలు 4,200. అయిదు వేలకు తక్కువ. అందులో న్యూట్రోఫిల్స్ 1,600 మాత్రమే. మూడు రోజులు దాటిన బిడ్డకు కనీసం 1,750 ఉండాలని 1979లో డల్లాస్‌లో గీసిన పట్టిక చెబుతుంది, దాని నకలు ఇక్కడ గోడ మీద ఉంది. క్రిములతో తలపడి అవి ఖర్చయిపోతున్నాయి.

"ఒకసారి చూడండి," అని అతను పక్కకు జరుగుతాడు.

కన్ను ఆనించండి. గులాబీ రంగు మైదానంలో ఊదా కణాలు. ఎదిగిన న్యూట్రోఫిల్ కేంద్రకం మూడు నాలుగు తమ్మెలుగా విడిపోయి ఉండాలి. ఇవి విడిపోలేదు, వంగిన కడ్డీల్లా ఉన్నాయి. పచ్చివి. మూలుగలో ఇంకా తయారవుతున్నవాటిని అవసరం కొద్దీ ముందే రక్తంలోకి తోసేస్తోంది ఒళ్ళు. నూటికి 27. ఇరవై దాటకూడదు.

అయిదు పరీక్షల ఈ పద్ధతిని మన దగ్గర సెప్సిస్ స్క్రీన్ అంటారు. అయిదింట్లో రెండు చెడితే స్క్రీన్ పాజిటివ్. అప్పటికే మూడు చెడ్డాయి. చెడనిది ఒక్క సీఆర్పీ. పేరు ఎక్కువ వినబడేది కూడా దానిదే.

మూడు గంటల పది నిమిషాలు.

మానిటర్ అరుస్తుంది.

మీరు పరుగున వస్తారు. ఆక్సిజన్ 84. బిడ్డ ఛాతీ చూడండి. కదలడం లేదు.

అరికాలి మీద వేలితో కొట్టండి. ఏమీ లేదు.

మళ్ళీ.

లేదు.

78. గుండె 104.

"బ్యాగ్!"

సిస్టర్ చేతిలోంచి బ్యాగ్ మీ చేతిలోకి. మెడ కొంచెం వెనక్కి. మాస్క్. నొక్కండి. ఛాతీ లేవలేదు. గాలి పక్కనుంచి పోతోంది. 71. మాస్క్ సర్దండి. గడ్డం పైకి. నొక్కండి.

లేచింది.

నొక్కు, రెండు, మూడు. నొక్కు, రెండు, మూడు.

గుండె 92.

నొక్కు, రెండు, మూడు.

ముసలమ్మ గొంతు ఎక్కడో. చూడకండి. ఛాతీ చూడండి.

నొక్కు, రెండు, మూడు.

గుండె 118. 130. ఆక్సిజన్ 80. 88. పెదవుల నీలం వదులుతోంది. బ్యాగ్ ఒక్క క్షణం ఆపండి. బిడ్డ ఒక ఊపిరి తీసింది. ఇంకోటి. డొక్కలెగురుతున్నాయి, కానీ తనంతట తనే తీస్తోంది.

సీపాప్ పెట్టండి. ముక్కులోకి రెండు చిన్న గొట్టాలు, అటు చివర నీళ్ళ సీసాలో బుడగలు. ఆ బుడగల ఒత్తిడే ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా తెరిచి ఉంచుతుంది.

"మెడికల్ కాలేజీకి పంపేద్దామా మేడమ్?"

"దారిలో మళ్ళీ ఊపిరాపితే అంబులెన్స్‌లో నీకు చెయ్యాడదు. కాస్త కుదుటపడనీ. ఈలోగా అక్కడ బెడ్ ఉందో లేదో కనుక్కో."

బెడ్ లేదు. ఆ ప్రశ్న అక్కడితో తీరిపోయింది.

మీరు బ్యాగ్ నొక్కుతున్నప్పుడే టెక్నీషియన్ గోడ మీది గొట్టం టైముకు చూసి కాగితం మీద రాసిపెట్టాడు. 16 మిల్లీమీటర్లు. పదిహేను దాటకూడదు. అయిదింట్లో నాలుగు.

నాలుగున్నర. రెండో సెలైన్ ఎక్కింది. నొక్కి చూడండి. మూడు సెకన్లు. పిల్ల మూత్రం పోసింది, డైపర్ తూచి రాసుకోండి. అంతా కుదురుకున్నట్టు కాదు గానీ, మీకు ఒక గ్లాసు నీళ్ళు తాగే తీరిక దొరికింది. ఇప్పుడు అడగొచ్చు: ఇంతకంటే ముందే చెప్పే పరీక్ష లేదా?

ఉన్నాయి. సీఆర్పీని పురికొల్పిన ఇంటర్‌ల్యూకిన్-6నే కొలవొచ్చు. అది తొలి గంటల్లోనే ఎగబాకుతుంది. కానీ అంతే త్వరగా దిగిపోతుంది. ఒక రోజు ఆలస్యంగా వచ్చిన బిడ్డలో దొరక్కపోవచ్చు. న్యూట్రోఫిల్ పైపొర మీద సీడీ64 అనే గుర్తు పెరుగుతుంది. దాన్ని చూడాలంటే ఫ్లో సైటోమీటర్ ఉండాలి, ఈ ఆసుపత్రిలో లేదు. ప్రెసెప్సిన్ మీద పరిశోధకులకు ఆశ ఉంది. ప్రోకాల్సిటోనిన్ సీఆర్పీకంటే ముందే, రెండు నుంచి నాలుగు గంటల్లో పెరగడం మొదలవుతుంది. దాంట్లో ఒక మెలిక ఉంది. పుట్టిన ప్రతి బిడ్డలోనూ, ఏ జబ్బూ లేకపోయినా, మొదటి రెండు రోజులు అది దానంతటదే పెరిగి తగ్గుతుంది. ఒక రోజు వయసు బిడ్డ రిపోర్టును పెద్దవాళ్ళ హద్దుతో చదివితే ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు కూడా మందు మొదలుపెడతారు. పుట్టి ఎన్ని గంటలైందో చూసి చదవాలి. ఈ ఆడపిల్లకు నాలుగు రోజులు కాబట్టి ఆ గొడవ లేదు. పరీక్ష మాత్రం బయటి ల్యాబ్‌లోనే, పొద్దున్నే తెరుస్తారు.

వీటిలో ఏదొచ్చినా రాత్రి ఒకటి యాభై ఎనిమిదికి మీరు చెయ్యాల్సిన పని మారేది కాదు. ఆశమ్మ సంచీలో ఏ రసాయనం ఉందని తెల్లారేదాకా ఆగొద్దంది? థర్మామీటరు, తూకం, గడియారం. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ ఊళ్ళోని ఆడవాళ్ళకే ఈ గుర్తులు నేర్పి, సెప్సిస్ అనిపిస్తే ఇంటి దగ్గరే మందు ఇచ్చేలా తయారుచేశారు. 1999లో లాన్సెట్‌లో వచ్చిన వాళ్ళ లెక్కల ప్రకారం నవజాత శిశు మరణాలు 62 శాతం మేర తగ్గాయి. అక్కడ సీఆర్పీ లేదు, కల్చర్ లేదు.

మరి రక్తం ఎందుకు తీసినట్టు?

జవాబు ఆరో నంబరు వార్మర్లో ఉంది. అక్కడొక మగపిల్లాడు, మొన్న సాయంత్రం ఇక్కడే పుట్టాడు. తల్లికి ఉమ్మనీరు పోయిన ఇరవై ఆరు గంటలకు గానీ కాన్పు కాలేదు. పుట్టగానే కాస్త ఆయాసపడ్డాడు. ఉమ్మనీరు ముందే పోతే క్రిములు లోపలికి ఎక్కే భయం, అందుకని కల్చర్ తీసి ఆంపిసిలిన్, జెంటామైసిన్ మొదలుపెట్టారు. సరైన పనే. ఇప్పుడు వాడికి ఆయాసం లేదు. గులాబీ రంగులో ఉన్నాడు. సిస్టర్ గిన్నెతో పట్టిన పాలు చప్పరించి ఇంకా కావాలని నోరు తెరుస్తున్నాడు. పన్నెండు గంటలకు సీఆర్పీ నెగెటివ్. ఇరవై నాలుగు గంటలకూ నెగెటివ్.

అదే మాట. ఆడపిల్ల విషయంలో మీరు లెక్కచెయ్యని మాట. ఇక్కడ దాని బరువు వేరు. వీడి కాలేయానికి కావలసినంత సమయం దొరికింది. రక్తంలో క్రిములుంటే ఈపాటికి సీఆర్పీ పెరిగి ఉండాలి. పెరగలేదు. ఒకసారి నెగెటివ్ వస్తే ఏమీ చెప్పలేం, రోజు గడిచాక రెండోసారి కూడా నెగెటివ్ వస్తే చాలా చెప్పగలం.

అయినా ఇప్పుడే ఆపకండి. కల్చర్ నలభై ఎనిమిది గంటలు నిండాలి.

పగలు మీరు నిద్రపోతారు. పోయినట్టే అనుకుందాం. రాత్రి ఎనిమిదికి మళ్ళీ చేతులు కడుక్కుని లోపలికి రాగానే టెక్నీషియన్ నల్ల స్లైడు పట్టుకుని ఎదురొస్తాడు. ఆడపిల్లది, సాయంత్రం తీసిన రక్తం.

ఈసారి విరిగింది. తెల్లటి ముక్కలు, మధ్యలో నల్లటి ఖాళీలు. సెలైన్‌తో పలుచన చేసి మళ్ళీ చూశాడు, మళ్ళీ పలుచన చేశాడు. ఎనిమిది రెట్లు పలుచన చేసినా విరుగుతూనే ఉంది. 48. పది దాటకూడదు.

గుండె గుభేలుమంటుంది. నిన్న నెగెటివ్, ఇవాళ 48. మందు పనిచెయ్యడం లేదా? మెరోపెనెమ్‌కు మారాలా?

స్లైడు పక్కన పెట్టి బిడ్డ దగ్గరికి వెళ్ళండి. సీపాప్ మీదే ఉంది, కానీ ఊపిరి 58. తెల్లవారుజాము తర్వాత ఒక్కసారి కూడా ఊపిరి ఆపలేదు. పొట్ట వెచ్చగా ఉంది, పాదం వెచ్చగా ఉంది. నొక్కి వదలండి. రెండు సెకన్లు. చెయ్యి లాగండి. ముడుచుకుంది! విసుక్కుంటూ ముడుచుకుంది.

చావుకు దగ్గరగా ఉన్నప్పుడు సీఆర్పీ లేదు. తేరుకుంటున్నప్పుడు ఆకాశంలో ఉంది. అది చెబుతున్నది నిన్నటి సంగతి. మంట చల్లారినా వెంటనే దిగదు, కాలేయం తయారీ మానేశాక రక్తంలో ఉన్నది సగం కావడానికి పంతొమ్మిది గంటలు పడుతుంది. రేపో ఎల్లుండో దిగడం మొదలైతే మందు లొంగదీస్తోందని అర్థం. అప్పటికీ ఎక్కుతూనే ఉంటే వేరే క్రిమి కోసం, వేరే చోటు కోసం వెతకాలి. ఇవాళ్టి ఒక్క అంకె చూసి మందు మార్చడం, నిన్నటి ఒక్క అంకె చూసి మందు ఆపడం, రెండూ ఒకే తప్పు.

ఎనిమిదీ నలభైకి మెడికల్ కాలేజీ ల్యాబ్ నుంచి ఫోన్. పొద్దున్న వ్యానులో వెళ్ళిన సీసా అక్కడి మెషీన్‌లో ఉంది. క్రిములు పెరుగుతూ వదిలే కార్బన్ డయాక్సైడును పసిగట్టి మెషీన్ ఆ సీసా దగ్గర లైటు వెలిగించింది. పది గంటలైనా నిండకుండానే. స్లైడు మీద గ్రామ్ నెగెటివ్ కడ్డీలు. పేరు రేపు, ఏ మందుకు లొంగుతుందో ఎల్లుండి.

మేడమ్‌కు చెబుతారు.

"పిల్ల ఎలా ఉంది?"

"మెరుగే మేడమ్. కానీ సీఆర్పీ 48..."

"పిల్ల ఎలా ఉందని అడిగాను."

"మెరుగు."

"అయితే మందు మార్చకు. ఊపిరి బాగుంటే రేపు వెన్నులో నీరు తీసి చూద్దాం."

క్రిమి రక్తం నుంచి మెదడు పొరలకు పాకి ఉంటే మందు మూడు వారాలు, లేకపోతే రెండు వారాల దాకా. ఇక్కడ సీఆర్పీ ఎంత త్వరగా దిగినా కోర్సు తగ్గించరు. సీసాలో క్రిమి దొరికాక లెక్క సీసాదే.

"ఆ రెండో సీసా?" అని మీరు ల్యాబ్‌కు తిరిగి ఫోన్ చేసి అడుగుతారు. ఆరో నంబరుది.

"నలభై ఎనిమిది గంటలు దాటింది. ఏమీ పెరగలేదు."

సిస్టర్ సిరంజిలో ఆంపిసిలిన్ లాగుతోంది. తొమ్మిది గంటల డోసు.

ఆపుతారా?

మొదలుపెట్టినప్పుడు మీ చెయ్యి వణకలేదు. ఆపడానికి వణుకుతోంది. మందు ఇచ్చి బిడ్డకు ఏదైనా అయితే ఎవరూ మిమ్మల్ని అడగరు. ఆపాక అయితే అందరూ అడుగుతారు. అందుకే చాలా వార్డుల్లో అయిదు రోజులు, ఏడు రోజులు అని కోర్సు పూర్తిచేయిస్తారు, ఏ క్రిమీ లేని బిడ్డ చేత. ఆ రోజులన్నీ క్యాన్యులా లోపలే ఉంటుంది, అదే క్రిములకు కొత్త దారి. పేగుల్లో తల్లిపాలతో స్థిరపడాల్సిన మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఖాళీ అయిన చోటుకు వార్డులోని మొండి క్రిములు వస్తాయి.

ఈ భయం మన దగ్గరే కాదు. నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్, కెనడా, చెక్ రిపబ్లిక్ ఆసుపత్రులు కలిసి 1,710 మంది పిల్లల మీద చేసిన పరీక్ష ఫలితం 2017లో లాన్సెట్‌లో వచ్చింది. సగం మందికి మందు ఎప్పుడు ఆపాలో వయసు గంటలకు తగ్గ ప్రోకాల్సిటోనిన్ చూసి నిర్ణయించారు. వాళ్ళకు సగటున 55 గంటలు మందు పడింది, మిగతావాళ్ళకు 65. సెప్సిస్‌తో ముడిపడిన మరణం ఒక్కటీ లేదు. పది గంటలంటే ఒక డోసు, మహా అయితే రెండు. పెద్ద గొప్పగా అనిపించదు. పైగా అక్కడి ఇన్‌ఫెక్షన్లూ ఇక్కడివీ ఒకటి కావు, ఆ అంకెల్ని అలాగే తెచ్చి ఇక్కడ అతికించకూడదు. నాకు అందులో పనికొచ్చిందల్లా, మందు ఆపడాన్ని కూడా వైద్యంగా తీసుకుని దానికీ కొలతలు వెతికారన్నది.

మీ దగ్గరున్న కొలతలు చూసుకోండి. బాగా పాలు తాగుతున్న బిడ్డ. రోజు దాటినా లేవని సీఆర్పీ. నలభై ఎనిమిది గంటలు నిండిన ఖాళీ సీసా. మూడూ ఒకే మాట చెబుతున్నాయి. వీటిలో ఏ ఒక్కటి వేరే మాట చెప్పినా ఆపేవాళ్ళు కాదు.

"సిస్టర్, వద్దు. ఆపేద్దాం. క్యాన్యులా తీసెయ్యండి."

"రేపు ఇంకోసారి సీఆర్పీ పంపమంటారా, ధైర్యానికి?"

కాన్పులో నలిగినా, ఉమ్మనీరు ఊపిరితిత్తుల్లోకి పోయినా సీఆర్పీ కొద్దిగా పెరగొచ్చు. రేపు 12 వస్తే ఏం చేస్తారు? బాగున్న బిడ్డకు మళ్ళీ సూది గుచ్చుతారు. మీరు పంపరు.

తల్లిని పిలిపించండి. రేపు పొద్దున్న ఇంకోసారి చూసి ఇంటికి పంపుతారు. ఆమె ముఖంలో సంతోషంకంటే అనుమానమే ఎక్కువ.

"మందు ఆపేస్తే మళ్ళీ తిరగబెట్టదా అండీ?"

తిరగబెట్టదని మాట ఇవ్వకండి. పరీక్షల్లో ఏముందో చెప్పండి. ఇంటికెళ్ళాక ఏం చూడాలో చెప్పి, ఆమె చేత తిరిగి చెప్పించండి. ఆమె వేళ్ళు మడుస్తుంది. పాలు తాగకపోతే. మందంగా పడుంటే. ఊపిరి ఎగబీల్చినా, డొక్కలెగిరినా. జ్వరమొస్తే.

"చల్లబడితే?"

"చల్లబడితే... కప్పి పడుకోబెట్టాలి కదా?"

"గుండెకు హత్తుకుని వెచ్చబెడుతూనే ఇక్కడికి రావాలి. పొట్ట చల్లబడితే జ్వరం వచ్చినట్టే లెక్క."

ఆమె అయిదో వేలు కూడా మడుస్తుంది. తర్వాత అడుగుతుంది, "అర్ధరాత్రయినా రావచ్చా అండీ? మావాళ్ళు పొద్దున్న చూద్దాంలే అంటారు."

"ఎన్నింటికైనా రండి. 108కి ఫోన్ చెయ్యండి. మీవాళ్ళను ఒకసారి లోపలికి పిలవండి, వాళ్ళకూ చెబుతాను."